నూరు బస్తాల ప్రశ్న

మన కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరానికి వచ్చిన విద్యార్థిని ఎవరినైనా "తర్వాత ఏం చేస్తావోయ్?" అని అడిగి చూడండి. కొందరు ఎమ్మెస్సీ అంటారు, కొందరు బి.ఇడి. అంటారు, కొందరు నవ్వి వూరుకుంటారు. కాస్త ధైర్యం వున్నవాళ్ళు "సివిల్స్" అంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, వినేవాళ్ళ దగ్గర రెండో ప్రశ్న సిద్ధంగా వుంటుంది. "అయితే కోచింగ్ ఎక్కడ?" ఆ పరీక్ష ఎలా వుంటుంది, ఏం చదవాలి, ఎందుకు రాయాలనుకుంటున్నావు అని అడిగేవాళ్ళు అరుదు. పెళ్ళి అనగానే "కట్నం ఎంత?" అన్నట్లు, సివిల్స్ అనగానే కోచింగ్!

ఈ విషయం మీద వ్యాసం రాయడానికి నాకున్న అర్హత ఏమిటని పాఠకులు అడగవచ్చు. నాకు ర్యాంకు రాలేదు. అసలు పరీక్షే రాయలేదు. ఇరవై ఏళ్ళవాణ్ణి, రాయడానికి కనీసం ఇరవై ఒకటి నిండాలి. అయితే గత నాలుగు నెలలుగా కోచింగ్ సెంటర్లకు ఫోన్లు చేశాను, వెళ్ళి వచ్చినవాళ్ళను వెతికి పట్టుకుని అడిగాను, లెక్కలు కట్టాను. ఆ లెక్కలు నాలాంటి నలుగురికి పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే ఈ పరీక్షకు 1979 నుంచి మూడు మెట్లు వున్నాయి. మొదటిది ప్రిలిమ్స్. ఇందులో రెండు పేపర్లు. జనరల్ స్టడీస్ పేపరులో నూరు ప్రశ్నలు, రెండు వందల మార్కులు. రెండోది సీశాట్, ఎనభై ప్రశ్నలు. అందులో నూటికి ముప్పై మూడు తెచ్చుకుంటే చాలు, ఆ మార్కులు లెక్కలో కలపరు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఇది దాటితే మెయిన్స్. ఇంగ్లీషు, ఒక భారతీయ భాష పాసైతే చాలు. లెక్కకు వచ్చేవి ఒక వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు, ఒకే ఆప్షనల్‌లో రెండు పేపర్లు, మొత్తం 1750 మార్కులు. ఆపైన ఇంటర్వ్యూ 275. అన్నీ కలిపి 2025.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపరులో మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలకు జవాబు రాయాలి. అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. ప్రశ్న అర్థం చేసుకుని, ఆలోచించి, నూట యాభై మాటల్లోనో రెండు వందల యాభై మాటల్లోనో సూటిగా చెప్పాలి. తెలిసివుండడం ఒక ఎత్తు, తొమ్మిది నిమిషాల్లో రాయగలగడం మరో ఎత్తు. ఈ తొమ్మిది నిమిషాల సంగతి మళ్ళీ ముందు ముందు వస్తుంది.

ఇక పోటీ. 2024 పరీక్షకు దరఖాస్తు చేసినవారు 9,92,599 మంది. హాలుకు వచ్చి రాసినవారు 5,83,213. మెయిన్స్‌కు అర్హులైనవారు 14,627, ఇంటర్వ్యూకు వెళ్ళినవారు 2,845, చివరికి ఎంపికైనవారు 1,009. భాగించి చూస్తే రాసిన ప్రతి 578 మందిలో ఒక్కరు. భయపెట్టడానికి చెప్పడం లేదు. రాసినవారిలో చాలామంది సరిగ్గా సిద్ధం కాకుండానే రాసి వుంటారు, కాబట్టి నిజంగా చదివినవాడి అవకాశం అంతకంటే మెరుగే. కానీ కోచింగ్ సెంటరు గోడ మీద నవ్వుతున్న ఫోటోలు చూసేటప్పుడు ఈ అంకెల్ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ఖర్చు మాటకొస్తాను. ఢిల్లీలో ఒక సెంటరు వారు ఫోన్‌లో నాకు చెప్పిన ఫీజు లక్షా యాభై వేలు. దాని మీద జి.ఎస్.టి. పద్దెనిమిది శాతం, ఇరవై ఏడు వేలు. వెరసి లక్షా డెబ్భై ఏడు వేలు. ఇది చదువుకే. గది, భోజనం, పుస్తకాలు వేరే. ఈ అంకె మా ఇంట్లో చెబితే మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పాలి కదా, ధాన్యంలోకి మార్చాను. 2025-26 సీజనుకు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన డెబ్భై అయిదు కిలోల బస్తాకు 1,777 పడుతుంది. లక్షా డెబ్భై ఏడు వేలకు ఇంచుమించు నూరు బస్తాలు! ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకుంటే మూడెకరాల పైచిలుకు పంట మొత్తం. అదీ దుక్కి, నాట్లు, ఎరువు, పురుగుమందు, కోత మిషను, కౌలు తీయకముందు. మాకు సొంతం రెండెకరాలు, కౌలుకు చేసేది మూడు. ఇక మిగిలేది ఎంతో కృష్ణా పశ్చిమ డెల్టాలో వ్యవసాయం చేసే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మా నాన్న ఆ లెక్క విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాస్‌బుక్కు బ్యాంకులో పెడదాం లేరా. చేను పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, వయసు పోతే కొనుక్కోలేం" అన్నాడు. ఈ మాట తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఎన్నో ఇళ్ళల్లో తండ్రులు ఈ మాటే అని పిల్లల్ని చదివించారు. ఆ త్యాగం ఊరికే పోలేదు కూడా. కానీ నా మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. చేనూ పోయి, వయసూ పోతే?

అందుకని అసలు ఏ సెంటరులో చేరాలి అన్న ప్రశ్నను మా నాన్న విత్తనాలు కొనే పద్ధతిలో ఆలోచించడం మొదలుపెట్టాను. మా వూళ్ళో ప్రతి ఏడూ విత్తనాల కంపెనీ వాళ్ళు ఒక మడి చూపించి, గొలుసులు ఎంత పొడుగున్నాయో చూడండి అంటారు. మా నాన్న ఆ మడి చూసి వచ్చి, అదే విత్తనం వేసి దెబ్బతిన్నవాడు ఎవడా అని ఆరా తీస్తాడు. "కంపెనీ వాడు చూపెట్టేది వాడికి పండిన మడి. మనకి కావాల్సింది ఎండినోడి మాట" అంటాడు. బి.ఎస్సీ.లో మేం చదువుకునేది కూడా అదే కదా! ప్రయోగం ఎన్నిసార్లు ఫలించిందో చెబితే చాలదు, మొత్తం ఎన్నిసార్లు చేశారో చెప్పాలి. పైనున్న అంకె ఒక్కటే వుండి కింద అంకె లేకపోతే అది భిన్నం కాదు.

కోచింగ్ ప్రకటనల్లో సాధారణంగా లేనిది ఆ కింది అంకే. "ఇన్ని ర్యాంకులు మావే" అంటారు. ఎంతమంది చేరితే అన్ని వచ్చాయో చెప్పరు. ఒకే అభ్యర్థి ఫోటో రెండు మూడు సెంటర్ల బోర్డుల మీద కనిపించడం మనందరం చూసినదే. అతను ఒకచోట పూర్తి కోర్సు చదివి వుండొచ్చు, మరోచోట ఉచితంగా పెట్టే నమూనా ఇంటర్వ్యూకు ఒక్కపూట వెళ్ళి వుండొచ్చు. బోర్డు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి ప్రకటనల మీద విచారణలు జరిపి, కొన్ని సంస్థలకు జరిమానాలు వేసి, 2024 నవంబరు 13న కోచింగ్ ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎంపికైన అభ్యర్థి ఏ కోర్సు చదివాడో దాచకూడదు. ఎంపికయ్యాక అతని అనుమతి తీసుకోకుండా ఫోటో వాడకూడదు. కాబట్టి ఫోటో చూపించినప్పుడు "ఈయన మీ దగ్గర ఏ కోర్సు చదివారండీ?" అని అడగడం మన హక్కు. మొహమాటపడనక్కర్లేదు.

ఎండినోడి మాట కోసం నేనూ తిరిగాను. ర్యాంకు వచ్చినవాళ్ళ మాటలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని వున్నాయి. రానివాళ్ళు మన చుట్టూనే వున్నారు, వాళ్ళనెవరూ అడగరు.

రేపల్లె దగ్గర వూళ్ళో ఒక అక్క వుంది. రెండేళ్ళు ఢిల్లీలో రాజేంద్రనగర్‌లో వుండి చదివింది. మెయిన్స్ దాకా వెళ్ళింది. ఇప్పుడు గ్రూప్-2కి చదువుతోంది. "పాఠాలు బాగానే వుండేవి తమ్ముడూ. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ క్లాసులో నాలుగొందల మందిమి. పది నెలల్లో నేను రాసిన జవాబు మీద ఇంకొకరి కలం పడింది మూడుసార్లు. అదీ టిక్కులు" అంది. బాపట్ల వైపు అన్నయ్య ఒకాయన హైదరాబాదులో అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఏడాదిన్నర చదివాడు. "క్లాసు కన్నా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పక్క కుర్చీవాళ్ళు నాకెక్కువ నేర్పారు" అన్నాడు. మూడో ఆయన తెనాలివాడే. ఇంట్లోనే వుండి ఫోన్‌లో పాఠాలు చూశాడు. "వందల గంటలు చూశాను. చూడడం వేరు, చదవడం వేరు అని తెలిసేసరికి ఏడాది అయిపోయింది" అని నవ్వాడు. ముగ్గురిలో ఎవరూ కోచింగ్ దండగ అనలేదు. ఎవరూ కోచింగ్ వల్లే ర్యాంకు వస్తుందనీ అనలేదు.

ముగ్గురి మాటలూ కలిపి చూస్తే, కోచింగ్ పేరిట మనం కొనేవి నాలుగు వస్తువులని తేలింది. ఒకటి, ఇంత పెద్ద సిలబసును ముక్కలు చేసి పెట్టడం. రెండు, ఏ రోజు ఏది చదవాలో చెప్పే క్రమశిక్షణ. మూడు, మనలాగే చదివే తోటివాళ్ళు. నాలుగు, రాసిన జవాబు చదివి తప్పు చెప్పే మనిషి. మొదటిది ఇవాళ దాదాపు ఉచితం. సిలబసు, పాత ప్రశ్నపత్రాలు కమిషన్ వెబ్‌సైటులోనే వున్నాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు డబ్బులివ్వకుండా దింపుకోవచ్చు. రెండోది మనమే అలవరచుకోవాలి. తెల్లారగట్ల నాలుగింటికి లేచి కాలవ నీళ్ళకు వంతు కాసిన ఇళ్ళ పిల్లలకు అది మరీ కొత్తేం కాదు. మూడోది వెతికితే దొరుకుతుంది. నాలుగోదే అరుదైన సరుకు. ఇందాక చెప్పిన తొమ్మిది నిమిషాల విద్య ఎవరో ఒకరు మన జవాబు చదివి, "ప్రశ్న అడిగింది ఇది, నువ్వు రాసింది అది" అని చెప్పకపోతే రాదు. తీరా చూస్తే నాలుగు వందల మంది కూర్చునే క్లాసులో అందరికంటే తక్కువగా దొరికేది అదే!

కాబట్టి డబ్బు ఇవ్వదలచుకుంటే ఆ నాలుగోదానికి ఇవ్వాలని, అదీ కొంత చదివాక ఇవ్వాలని నాకు తోచింది. ఫీజు కట్టేముందు అడగవలసిన మాటలు కొన్ని కాగితం మీద రాసుకున్నాను. క్లాసులో ఎంతమంది? పాఠం చెప్పేది ప్రకటనలో పేరున్న మాస్టారేనా, ఇంకొకరా? నెలకు ఎన్ని జవాబులు దిద్దుతారు, దిద్దేది ఎవరు? దిద్దిన జవాబుపత్రం ఒకటి చూపిస్తారా? పోయిన ఏడాది చేరినవాళ్ళలో ర్యాంకు రాని ఇద్దరితో మాట్లాడనిస్తారా? మధ్యలో మానేస్తే మిగతా డబ్బు తిరిగి ఇస్తారా? ఈ ఆఖరు ప్రశ్నకు ఆధారం వుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో, పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేసినవారికి మిగిలిన కాలానికి సరిపడే డబ్బు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని వుంది. నేను ఫోన్ చేసిన ఒక సెంటరులో ఈ ప్రశ్నలు అడిగితే, "ముందు సీటు బుక్ చేసుకోండి, వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు. ఆ జవాబు కూడా జవాబే.

ఏ వూరు అన్నది కూడా ఆలోచించాలి. ఢిల్లీ వెళ్తేనే వాతావరణం వుంటుందంటారు. వుంటుంది, కాదనను. కానీ 2023 జూన్ 15న ముఖర్జీనగర్‌లో ఒక కోచింగ్ భవనంలో మంటలు లేస్తే విద్యార్థులు కిటికీల్లోంచి తీగలు పట్టుకుని దిగారు. 2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సెల్లారులో నడిపే లైబ్రరీలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. కలెక్టర్లయి వూళ్ళను వరదల నుంచి కాపాడాలనుకున్న పిల్లలు పుస్తకాల మధ్య నీళ్ళలో పోయారు. అందుకని చేరబోయే చోటికి ఒకసారి వెళ్ళి మెట్లు ఎన్ని, బయటికి దారులు ఎన్ని అని చూసుకోవడం పిరికితనం కాదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు కూడా వున్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు ప్రభుత్వ స్టడీ సర్కిళ్ళు వున్నాయి. ప్రకటన ఎప్పుడు వస్తుందో కనిపెట్టి వుండాలి, అంతే.

భాష సంగతి మనలో చాలామందికి అసలు భయం. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. ప్రశ్నపత్రాలు మాత్రం ఇంగ్లీషులో, హిందీలో వస్తాయి. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతానికి చెందిన రోనంకి గోపాలకృష్ణ గారు వ్యవసాయ కూలీల కుటుంబంలో పుట్టి, పంతులుద్యోగం చేస్తూ, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, తెలుగులోనే రాసి 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ గారు ఉద్యోగం చేస్తూనే చదివి 2017 పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. అయితే వీళ్ళను చూపించి "చూశారా, కోచింగ్ అక్కర్లేదు" అనడం కూడా కంపెనీ మడి చూపించడం లాంటిదే. వాళ్ళలా సొంతంగా చదివి రానివాళ్ళు ఎందరో! ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మొదటితరం విద్యార్థికి మంచి మాస్టారు దొరికితే రెండేళ్ళ తడుములాట తప్పవచ్చు. వాళ్ళ వల్ల రుజువయ్యేది ఒక్కటే. దారి మూసి లేదు.

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అదే మన సాంబమసూరి, అన్నానికి దానికి సాటి లేదంటారు. అయినా అగ్గితెగులు, ఎండాకు తెగులు వచ్చే చేలో దాన్ని వేసినవాడికి నిద్ర వుండదు. మంచి విత్తనమా కాదా అని కాదు, ఏ చేనుకు మంచిది అని అడగాలి. కోచింగైనా అంతే. లెక్కలు, ఫిజిక్స్ ఆప్షనల్‌గా తీసుకునే సైన్సు విద్యార్థికి మన కాలేజీ లెక్చరర్లను మించిన గురువులు బయట ఎందుకు? వాళ్ళకు కావలసింది జనరల్ స్టడీసులో చరిత్ర, పాలిటీ. ఆర్ట్స్ విద్యార్థికి సీశాట్ లెక్కల్లో సాయం కావాలి. అందరికీ ఒకే లక్షన్నర ప్యాకేజీ ఎందుకు?

మా ఇంట్లో చివరికి నిర్ణయం ఇది. పాస్‌బుక్కు బ్యాంకుకు వెళ్ళదు. ఏడాదిపాటు ఇంటి దగ్గరే వుండి చదువుతాను. మినుములు అమ్మిన డబ్బులోంచి జవాబులు దిద్దే టెస్టులకు మాత్రం కడతాం. రెండుసార్లు రాస్తాను. రెండోసారికి మెయిన్స్ దాకా వెళ్ళకపోతే ఎమ్మెస్సీయో, అప్పటికి చదివింది పనికొచ్చే గ్రూప్ పరీక్షలో చూసుకుంటాను. జనరల్ కేటగిరీవారికి ముప్పై రెండేళ్ళ దాకా ఆరు అవకాశాలు ఇచ్చారు గానీ, ఆరూ వాడుకోవాలని ఎక్కడా రాసి లేదు. మా అమ్మ ఈ మాట విని, "పంటకి గడువుంది, చదువుక్కూడా వుండాలి. మంచిదే" అంది. మా నాన్న మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. "డబ్బు చూసి తగ్గుతున్నావేమోరా" అని ఇప్పటికీ అంటాడు. కావచ్చు. రేపు ఫలితం వచ్చేదాకా ఎవరి మాట నిజమో చెప్పలేను.

తెనాలిలో వుంటే ఏం వస్తుంది అనేవాళ్ళకు ఒక్క మాట. తమిళ దేశం నుంచి చిన్నతనంలో ఇక్కడికి వచ్చి, ఇక్కడి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే కథలూ 'మంచీ చెడూ', 'అపస్వరాలు' వంటి నవలలూ రాసిన శారద, అసలు పేరు ఎస్. నటరాజన్, ఈ వీధుల్లోనే తిరిగాడు. 1955లో చిన్న వయసులోనే పోయాడు. ఆయనకు పుస్తకాలు దొరికాయి, రాసింది చదివే స్నేహితులు దొరికారు. ఈ రెండూ వుంటే వూరు చిన్నదైనా ఫరవాలేదు. ఈ రెండూ లేకపోతే ఢిల్లీ కూడా చిన్నదే.

అందుకే విద్యార్థి సంఘానికి, పూర్వ విద్యార్థులకు నా మనవి. కాలేజీ లైబ్రరీలో ఒక గది రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి వుంచే ఏర్పాటు చూడండి. పదేళ్ళ ప్రశ్నపత్రాలు అచ్చువేసి ఒక బీరువాలో పెట్టండి. మెయిన్స్ రాసిన పూర్వ విద్యార్థులు నెలకొక ఆదివారం వచ్చి మా జవాబులు దిద్దండి. ర్యాంకు వచ్చినవాళ్ళకు వార్షికోత్సవంలో శాలువా కప్పుతున్నాం, బాగానే వుంది, మానవద్దు. రానివాళ్ళను కూడా పిలుద్దాం. ఎక్కడ ఆగిపోయారో, ఏ సెంటరులో ఏం దొరికిందో, ఏం దొరకలేదో చెప్పగలిగేది వాళ్ళే. సంకోచించకుండా రండి. కుర్చీలు వేయడం, టీ పెట్టించడం మా పని.